1951 షెవ్రొలే 3100 పికప్: మొదటిసారి పాత ట్రక్కు పట్టిన కుర్రాడితో 18 నెలలు

ట్రక్కు షెడ్డులోకి చేరిన మూడో రోజే ఫోన్ చేశాడు, "అన్నా, ఈ ఆదివారం క్యాబిన్ పైకి లేపేద్దామా, ఛాసిస్ ఇసుకతో కొట్టించేస్తాను" అని. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో, దానికి బదులు ఏం చేశామో రాస్తున్నా, ఎవరైనా ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందేమో.

నేను పాత బండ్ల పని చేస్తాను, ఎక్కువగా 1940లు, 50ల నాటి పికప్‌లు. నా దగ్గరికి వచ్చే బండ్లు చాలావరకు చక్రాల మీద రావు, అట్టపెట్టెల్లో వస్తాయి. ఎవరో మహా హుషారుగా మొత్తం విప్పేసి, ఫొటో ఒక్కటి తీయకుండా బోల్టులన్నీ ఒకే పెయింట్ డబ్బాలో పోసి, తర్వాత ఉద్యోగం మారో ఇల్లు మారో పని ఆగిపోయి అమ్మేసుకున్నవి. అలాంటిది మళ్లీ ఒక రూపానికి తేవాలంటే తల ప్రాణం తోకకి వస్తుంది, ఎందుకంటే ఏ వాషర్ ఎక్కడిదో విప్పినవాడికే గుర్తుండదు, ఇక నాకేం తెలుస్తుంది. ఈ కుర్రాడు (పేరెందుకులే, తమ్ముడు అంటాను) చదివేవాడే, చేతికి గ్రీజు అంటితే మొహం చిట్లించేవాడు కాదు, కానీ అనుభవం అంటే మోటార్ సైకిల్ కార్బొరేటర్ కడగడం, చైన్ మార్చడం, అంతే. పైగా ఆత్రం. మొదటి రోజు అడిగిన మొదటి ప్రశ్న "ఏ కలర్ వేద్దాం అన్నా" అని.

అందుకే ఒక షరతు పెట్టాను. ముందు బండి ఆగాలి, తర్వాత నడవాలి, తర్వాత నడుస్తూ ఉండగానే ఒక్కో భాగం విప్పి బాగుచేయాలి, ఒకటి పూర్తయి బండికి ఎక్కేదాకా రెండోదాని మీద స్పానర్ పెట్టకూడదు. రంగు ఆఖర్న. మొహం మాడ్చుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు.

మొదటి శనివారం ఏమీ విప్పలేదు, చూడటమే. డ్రైవర్ తలుపు స్తంభం మీద ఉన్న ప్లేటు నంబరు, కాగితాల్లో ఉన్న నంబరు ఒకటేనా చూశాం, ఇది తేలకుండా రూపాయి కూడా ఖర్చుపెట్టొద్దని నేను అందరికీ చెప్తా. తర్వాత నిజంగా 1951దేనా అని. ఈ మోడల్ 1947లో వచ్చింది, ముందు గ్లాసు పక్కన తిరిగే చిన్న త్రికోణం కిటికీలు 1951 నుంచి ఉన్నాయి, బయట తలుపు పిడికి బటన్ 1952లో వచ్చింది, మన బండికి కిటికీలు ఉన్నాయి, పిడి తిప్పే రకం, సరిపోయింది. ఇది ఊరికే సరదాకి చూసేది కాదు, ఎందుకంటే 1950 దాకా అరటన్ను షెవ్రొలేకి (మన 3100 ఆ తరగతిదే) వచ్చిన హక్ రకం బ్రేకులకి సామాను దొరకడం కష్టం, 1951 నుంచి బెండిక్స్ రకం, దానికి అన్నీ దొరుకుతాయి. ఒక్క ఏడాది తేడాకి కొత్తవాడి మొదటి ఆర్నెల్ల పని మారిపోతుంది. ఇంజిన్ పైన కవర్ మధ్యలో రెండు నట్లతో బిగించి ఉంది, అంటే పాత 216 క్యూబిక్ ఇంచ్ ఆరు సిలిండర్ల ఇంజినే, తర్వాత వచ్చిన 235 ఎవరూ పెట్టలేదు. దీని గురించి కింద చెప్తా.

తుప్పు చూడటానికి నేను వాడేవి రెండే, మామూలు అయస్కాంతం, మొద్దు స్క్రూడ్రైవర్. అయస్కాంతం గుడ్డలో చుట్టి క్యాబిన్ వెనక మూలల కింద జరిపితే ఒక చోట జారి కింద పడింది, అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది, అదీ దాదాపు బొటనవేలు మందం. నేల రేకు మీద పాదాలు పెట్టే చోట, ముందు మూలల్లో, తలుపుల అడుగు అంచుల్లో స్క్రూడ్రైవర్ దిగిపోయింది. ఛాసిస్ మాత్రం గట్టిగా ఉంది, మందం ఇనుము కదా, పైన పొరే తుప్పు. తమ్ముడు డీలా పడిపోయాడు గానీ నాకు సంతోషమే వేసింది, ఎందుకంటే ఈ క్యాబిన్లలో తుప్పు పట్టేదే ఆ చోట్లలో, అందరూ అక్కడే అతుకులు వేస్తారు, రెడీమేడ్ అతుకు రేకులు కూడా వస్తాయి.

ఇంజిన్ పట్టేసి ఉంది. చాలా ఏళ్లు కదలకుండా నిలబడితే రింగులు సిలిండర్ గోడకి అంటుకుంటాయి. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పని, బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం, లేదంటే ఇంకో బండికి కట్టి లాగి గేర్లో వదలడం. వద్దు. రింగు విరుగుతుంది, లేదా రాడ్ వంగుతుంది. మేం ప్లగ్గులు తీసి ఆటోమేటిక్ గేర్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి ఒక్కో సిలిండర్లో కొంచెం పోశాం, అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి తలుపులు తీసి పెట్టి, దగ్గర్లో నిప్పు లేకుండా. కింద ఫ్లైవీల్ కవర్ తీసి పళ్లకి పెద్ద బార్ ఆనించి రోజూ సాయంత్రం అటు ఒకసారి ఇటు ఒకసారి, బలం పెట్టకుండా, ఊరికే అడిగినట్టు. 8 రోజులు ఏమీ లేదు. 9వ రోజు రాత్రి మెసేజ్ పెట్టాడు, "పన్ను ఒకటి జరిగింది" అని. జరిగింది కదా అని ఒకేసారి తిప్పేయకుండా వెనక్కి ముందుకి కొంచెం కొంచెం పెంచుతూ పోతే రెండు రోజుల్లో పూర్తి చుట్టు తిరిగింది.

అప్పుడే స్టార్ట్ చేసేద్దాం అన్నాడు. నేను ముందు ఆయిల్ ఛాంబర్ దింపమన్నాను, ఎందుకో చెప్తా, ఈ 216 ఇంజిన్ గురించి తెలియాల్సిన ముఖ్యమైన సంగతి ఇదే. దీంట్లో మెయిన్ బేరింగులకి పంపు ఒత్తిడితో ఆయిల్ వెళ్తుంది గానీ కనెక్టింగ్ రాడ్లకి (పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపేవి) అలా కాదు. ప్రతి రాడ్ క్యాప్ కింద చిన్న గరిటె లాంటిది ఉంటుంది, ఛాంబర్లో ఆయిల్ నిండిన చిన్న తొట్లు ఉంటాయి, తిరిగేటప్పుడు గరిటె మునిగి ఆయిల్ ఎత్తుకుంటుంది, స్పీడు పెరిగితే పక్కన సన్నటి గొట్టాల నుంచి ఆయిల్ ధార వచ్చి ఆ గరిటెకి తగులుతుంది. రాడ్ బేరింగులేమో మార్చుకునే షెల్స్ కావు, క్యాపులోనే కరిగించి పోసిన వైట్ మెటల్, మెత్తటి లోహం. ఇప్పుడు ఛాంబర్ అడుగున మడ్డి పేరుకుని తొట్లు నిండిపోయినా, గొట్టం మూసుకుపోయినా డ్యాష్ మీద ఆయిల్ మీటర్ ముల్లు మాత్రం బాగానే చూపిస్తుంది, కింద రాడ్డు ఎండిపోయి కరుగుతుంటుంది. ఆ మీటరే 30 పౌండ్ల దాకా ఉంటుంది, కొత్తవాళ్లు వేరే బండ్ల లెక్కన చూసి ప్రెషర్ తక్కువుందని కంగారు పడతారు, అది వేరే కథ.

ఛాంబర్ దింపితే అడుగున రెండు వేళ్ల మందం నల్లటి ముద్ద, బూటు పాలిష్ లాగా. ఆరు తొట్లలో రెండు పూర్తిగా నిండిపోయాయి, ఒక గొట్టం నోటి దగ్గర గట్టిపడిన మడ్డి. తమ్ముడు వేలితో ఆ ముద్ద తీసి కాసేపు చూస్తూ కూర్చున్నాడు, ఏమీ మాట్లాడలేదు. కడిగి, గొట్టాల్లో సన్న తీగ దూర్చి గాలి కొట్టి, రాడ్ క్యాపులు ఒక్కోటి విప్పి ప్లాస్టిగేజ్‌తో (నలిగిన వెడల్పుని బట్టి సందు ఎంతో చూపించే ప్లాస్టిక్ దారం) సందు చూసి, రెండింటికి ఒక్కో షిమ్, అంటే సందు కోసం పెట్టే పల్చటి రేకు ముక్క, తీసి బిగించాం. ఏ క్యాపు ఏ రాడ్‌ది, ఏ వైపు తిరిగి ఉంది అన్నది మారకూడదు, అందుకే ఒకటి విప్పి బిగించాకే రెండోది.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లో ఒత్తిడి ఎంత వస్తుందో చూడటం. ఐదు సిలిండర్లు 95 నుంచి 105 పౌండ్ల మధ్య ఉన్నాయి, నాలుగోది 40. చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 40 దగ్గరే ఉంది, అంటే రింగు కాదు వాల్వు, రింగు అయితే ఆయిల్‌తో రీడింగ్ పెరిగేది. ఎగ్జాస్ట్ వాల్వు సగంలో ఇరుక్కుని పూర్తిగా మూసుకోవట్లేదు, నూనె పోసి చెక్క సుత్తితో మెల్లగా తట్టి తట్టి వదిలించాం. వాల్వు సందులు ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కి 0.006 అంగుళం, ఎగ్జాస్ట్‌కి 0.013 పెడతాం, ఇంకా స్టార్ట్ కాలేదు కాబట్టి అప్పటికి చల్లగా ఉండగానే సుమారుగా పెట్టి, తర్వాత సరిచేశాం.

ఇక కరెంటు. ఈ బండి 6 వోల్టులది, నెగటివ్ ఎర్త్. తమ్ముడు అప్పటికే 12 వోల్టులకి మార్చే కిట్ ఆర్డర్ పెట్టేశాడు, 6 వోల్టులు చాలవు, సెల్ఫ్ నీరసంగా తిరుగుతుందని ఎవరో చెప్పారట. నీరసంగా తిరిగే మాట నిజమే. అయితే బండికి ఉన్న బ్యాటరీ కేబుళ్లు చూస్తే 12 వోల్టుల కార్లవి, సన్నవి, ఎవరో మధ్యలో మార్చారు. అదే పనికి 6 వోల్టుల్లో రెట్టింపు కరెంటు పారాలి, సన్న తీగలో ఆ కరెంటు అంతా వేడికే పోతుంది. రెండు సున్నాల సైజు లావు కేబుళ్లు వేసి, ఎర్త్ బిగించే చోట పెయింట్ గీకి మెరిసేదాకా రుద్ది, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి కొత్త పట్టీ వేశాం. ఈ బండికి సెల్ఫ్ బటన్ ఉండదు, యాక్సిలరేటర్ పక్కన పెడల్, కాలితో తొక్కాలి. తొక్కాడు, గిర్రున తిరిగింది. కిట్ తిరిగి పంపించేశాడు. గుడ్డ చుట్టిన పాత వైరింగ్ మాత్రం ముట్టుకుంటే పొడి రాలుతోంది, అది మార్చక తప్పలేదు, దానికే నాలుగు ఆదివారాలు పట్టింది, పెద్దగా చెప్పాల్సింది లేదు, పాతది పక్కన పెట్టుకుని ఒక్కో తీగ చొప్పున మార్చడమే. డైనమో తీసి పెట్టాక మాత్రం ఇంజిన్ వేసే ముందు రెగ్యులేటర్ దగ్గర బ్యాటరీ పాయింటుకీ డైనమో పాయింటుకీ మధ్య తీగ ఒక్క క్షణం తాకించి తీయాలి, పోలరైజ్ చేయడం అంటాం, చేయకపోతే తిరగబడి ఛార్జింగ్ ఇచ్చి రెగ్యులేటర్ కాలిపోవచ్చు.

టైమింగ్ చూసేది ముందు పుల్లీ మీద కాదు, ఫ్లైవీల్ మీద దిగ్గొట్టిన చిన్న స్టీలు గుండు ఉంటుంది, బెల్ హౌసింగ్ కిటికీలో నుంచి అది ముల్లుకి ఎదురుగా రావాలి. దాని మీద చుక్క తెల్ల పెయింట్ పెట్టమన్నాను. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-5-3-6-2-4. బండి స్టార్ట్ అయిన సాయంత్రం షెడ్డు నిండా తెల్ల పొగ, సిలిండర్లలో పోసిన మందంతా కాలుతోంది, తమ్ముడు దగ్గుతూ నవ్వుతున్నాడు. పావుగంట నడిపి ఆపేశాం, ఎందుకంటే బ్రేకుల పని ఇంకా సగంలోనే ఉంది.

బ్రేకులు. ఇక్కడ మా తప్పులు ఎక్కువ, అందుకే ఎక్కువ రాస్తా.

ఈ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాలకి నెట్టేది) డ్రైవర్ కాళ్ల కింద నేల రేకుకి అడుగున ఉంటుంది, సర్క్యూట్ ఒక్కటే. అంటే ఎక్కడో ఒక పైపు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది, మిగిలేది హ్యాండ్ బ్రేకే. కాబట్టి "ఇది బాగానే ఉందిగా అన్నా" అనే మాటకి ఇక్కడ చోటు లేదు. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల సిలిండర్లు, మూడు రబ్బరు హోసులు, మొత్తం పైపులు కొత్తవి. పైపు చివరలు డబుల్ ఫ్లేర్ చేయాలి, అంటే అంచుని రెండు మడతలుగా విప్పార్చాలి, ఉత్త రాగి గొట్టం, నీళ్ల పైపులకి వాడే కంప్రెషన్ జాయింట్లు అస్సలు వద్దు. ఫ్లేర్ వేయడం నేర్చుకోవడానికి తమ్ముడు పనికిరాని ముక్కల మీద ఒక రాత్రంతా కూర్చుని ముప్పై పాడుచేశాడు, తర్వాత బండికి వేసినవాటిలో ఒక్కటీ కారలేదు. డ్రమ్ములో పాత దుమ్ము గాలితో ఊదొద్దు, ఆ కాలపు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, నీళ్లు చల్లి తడిపి గుడ్డతో తీసి కవర్లో కట్టేయాలి.

మొదటి తప్పు. షెడ్డు ముందు ఖాళీ స్థలంలో మొదటిసారి నడిపాం, బ్రేకు నొక్కితే బండి కుడికి లాగుతోంది. తమ్ముడు కుడి చక్రం విప్పడానికి వెళ్లాడు. కుడికి లాగుతుందంటే కుడిది బాగా పడుతోందని, ఎడమది పడట్లేదని, చూడాల్సింది ఎడమది. విప్పితే షూలు తారుమారు. ఈ బెండిక్స్ రకంలో ఒక్కో చక్రానికి ఉన్న రెండు షూలూ ఒకటి కావు, లైనర్ పొట్టిగా ఉన్నది బండి ముందు వైపుకి, పొడుగ్గా ఉన్నది వెనక వైపుకి ఉండాలి. ముందు షూ డ్రమ్ముతో పాటు తిరగబోతూ వెనక షూని నెడుతుంది, ఎక్కువ పని వెనకదే చేస్తుంది, అందుకే దానికి లైనర్ ఎక్కువ. ఎడమ చక్రం ఒక్కటే నేను పక్కన లేనప్పుడు బిగించాడు, ఫొటో తీశాడు కూడా, కానీ ఆ ఫొటో విప్పక ముందు తీసింది కాదు, బిగించాక తీసింది. ఆ రోజు నుంచి రెండు చక్రాలూ ఒకేసారి విప్పడం మానేశాడు, ఒకటి ఎప్పుడూ చూసుకోవడానికి అలాగే ఉంచుతాడు.

రెండో తప్పు నాది. షూలు సరిచేశాక నాలుగైదు సార్లు బ్రేకు బాగా పడింది, తర్వాత బండి బరువెక్కిపోయింది, ఫస్ట్ గేర్లో కూడా మూలుగుతోంది, దిగి చూస్తే డ్రమ్ములు చెయ్యి పెట్టలేనంత వేడి. షూలు మరీ బిగించావా అని అతన్నే అన్నాను. తర్వాత ఒక చక్రం బ్లీడర్ (ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న స్క్రూ) వదులు చేస్తే ఫ్లూయిడ్ చిమ్మింది, వెంటనే నాలుగు చక్రాలూ వదిలేశాయి, అప్పుడు అర్థమైంది. పెడల్‌ని వేలితో నొక్కి చూశా, ఫ్రీ ప్లే, అంటే ఖాళీగా కదిలే ఆట, లేనే లేదు. పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని నెట్టే రాడ్డు పొడవు సరిచేసింది నేనే. పెడల్ వదిలినప్పుడు మాస్టర్ సిలిండర్లో పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి, వస్తేనే ట్యాంకులోకి పోయే చిన్న రంధ్రం తెరుచుకుంటుంది, వేడికి వ్యాకోచించిన ఫ్లూయిడ్ అందులోంచి వెనక్కి పోతుంది. రాడ్డు వెంట్రుక వాసి ఎక్కువ నెట్టి ఉంచినా ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది, ఫ్లూయిడ్‌కి పోయే దారి లేదు, బ్రేకులు వాటంతట అవే పట్టుకుంటాయి, వేడెక్కేకొద్దీ ఇంకా పట్టుకుంటాయి. రాడ్డు తగ్గించి పెడల్ పైన కొంచెం ఖాళీగా కదిలేలా పెట్టాం. తమ్ముడికి సారీ చెప్పాను, "పర్లేదన్నా" అన్నాడు, కానీ ఆ వారమంతా అందరికీ చెప్పుకుని నవ్వాడు.

ఆరో నెల నుంచి బండి రోడ్డు మీద ఉంది, తుప్పుతో, పుట్టీతో, మూడు రంగుల మడ్‌గార్డులతో. మూడు నెలలు అలాగే నడపమన్నాను. నడిపితేనే ఏం చేయాలో బండే చెప్తుంది, షెడ్డులో నిలబెట్టి చూస్తే అన్నీ చేయాల్సినవే కనిపిస్తాయి. రేడియేటర్ ఎక్కడ కారుతుందో వారంలో తెలిసింది. స్టీరింగ్ ఊగుతుంటే ముందు చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపాం, ఆడుతోంది, ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకున్నా ఆట పోలేదు, అంటే బేరింగ్ కాదు కింగ్ పిన్ను (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం దేని మీద తిరుగుతుందో ఆ పిన్ను), బేరింగ్ అయితే బ్రేకుతో ఆట ఆగిపోతుంది. ఇంకోటి, వెనక గేరింగ్ 4.11 (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ 4.11 చుట్లు), కింద వైట్ మెటల్ రాడ్లు, కాబట్టి గంటకి 70, 75 కిలోమీటర్లకి మించి ఎక్కువసేపు తోలే బండి కాదిది. హైవే మీద 100లో పోవాలనుకునేవాళ్లు ఈ బండి కొనకముందే ఆలోచించుకోవాలి, కొన్నాక ఇంజిన్ మార్చి యాక్సిల్ మార్చి, అప్పుడు మధ్యలో ఉన్న టార్క్ ట్యూబ్ కూడా అడ్డొస్తుంది, దీనికి బయట కనిపించే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండదు, గొట్టం లోపల ఉంటుంది. ఒకటి మారిస్తే నాలుగు మార్చాల్సొస్తుంది.

రేకు పని చివర్న. కుడి ఫుట్‌బోర్డు బోల్టులు ఎనిమిదిలో మూడు విరగ్గొట్టాడు, అన్నీ మొదటి గంటలోనే. తర్వాత పద్ధతి మార్చాం, నట్టు ఎర్రగా కాల్చి, కాస్త చల్లారాక కొవ్వొత్తి మైనం తాకిస్తే సందుల్లోకి లాక్కుంటుంది, ముందు ఒక పిసరు బిగించే వైపు తిప్పి, కదిలిందనిపించాక వదులు వైపు. మిగతా ఐదూ వచ్చాయి. పెట్రోల్ ట్యాంకు ఈ బండిలో క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉంటుంది, కాబట్టి వెల్డింగ్ మాట ఎత్తకముందే ట్యాంకు తీసి షెడ్డు బయట పెట్టించాను, ఖాళీ ట్యాంకు నిండుదాని కంటే ప్రమాదం, ఆవిరి ఉంటుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకు కూడా వెల్డ్ చేయొద్దు, వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు వస్తుంది.

నేల రేకు, మూలలు కోయక ముందు తలుపు సందుకి అడ్డంగా రెండు ఇనుప గొట్టాలు టాక్ వేయించాను, అంటే చుక్కల వెల్డుతో తాత్కాలికంగా అతికించడం, క్యాబిన్ కుంగకుండా. తమ్ముడికి అదొక చాదస్తంలా అనిపించింది. కోశాక కుడి వైపు గొట్టం తీసి చూద్దామా అన్నాడు, తీసి చూస్తే తలుపు పైన సందు నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చింది, క్యాబిన్ కూర్చుండిపోతోంది, మళ్లీ జాకీ పెట్టి లేపి గొట్టం అతికించాం. అతుకు చుట్టూ ఒకే గీతలా వెల్డ్ పోనివ్వకుండా అంగుళానికి ఒక చుక్క, ఒకటి ఇక్కడ వేస్తే తర్వాతది అటు చివర, మధ్యలో చల్లారనివ్వాలి, లేకపోతే రేకు అప్పడంలా ముడుచుకుంటుంది. మొదటి అతుకు అలాగే ముడుచుకుంది, కోసి పారేసి మళ్లీ వేశాడు. రెండోది మూడు సాయంత్రాలు పట్టింది, గ్రైండ్ చేశాక చేత్తో తడిమితే అతుకు ఎక్కడో నాకు తెలియలేదు.

ఇప్పుడు 18 నెలలు. నేల, మూలలు అయ్యాయి, తలుపుల అడుగులు ప్రైమర్లో ఉన్నాయి, వెనక సామాను తొట్టి చెక్కలు ఇంకా పాతవే. పోయిన నెల క్యాబిన్లో పెట్రోల్ వాసన వస్తోందని ఫోన్ చేశాడు, ట్యాంకు నిండా కొట్టించినప్పుడే అట, నేను ఏదో చెప్పేలోపే "సెండర్ గ్యాస్కెట్ అయ్యుంటుంది అన్నా, విప్పి చూసి చెప్తా" అని పెట్టేశాడు (సెండర్ అంటే ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో మీటరుకి చెప్పేది). తేలింది అదే. కింగ్ పిన్ సెట్ వచ్చింది, రంధ్రం సైజుకి సరిచేసే రీమర్ నా దగ్గరుంది, వచ్చే నెల ముందు యాక్సిల్ పని. రంగు గురించి ఈ మధ్య అడగట్లేదు. క్యాబిన్ ఇంకా ఛాసిస్ మీదే ఉంది.